ఒంటి మీద గడ్డ: అల్ట్రాసౌండా, ఎంఆర్ఐయా, పెట్ స్కానా? ఏది ముందు, ఏది తర్వాత

తొడ మీదో, భుజం వెనకో, మోచేతి పక్కనో ఒక గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు కాబట్టి కొన్నాళ్ళు ఊరుకుంటారు. తర్వాత చుట్టాల్లో ఎవరో ఒకరు భయపెడతారు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. నెల్లూరు, గూడూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై వచ్చే మనవాళ్ళూ, ఇక్కడే కోడంబాక్కంలోనో పెరంబూరులోనో స్థిరపడిన తెలుగువాళ్ళూ నన్ను అడిగేది ఒకటే: "ఖర్చు ఎంతైనా పర్లేదండి, ఒక్కసారికి తేలిపోయే స్కాన్ ఏదో చెప్పండి." స్కాన్ రిపోర్టులు రాయడమే నా పని. అందుకని ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పే బాధ్యత నాకుంది.

అలాంటి స్కాన్ ఒక్కటి కూడా లేదు. కొన్ని గడ్డల్ని చూడగానే ఇది మామూలుదేనని స్కాన్ ఖాయంగా చెప్పేస్తుంది. మిగతావాటిలో గడ్డ ఎంత లోతున ఉంది, దేన్ని ఆనుకుని ఉంది, ముక్క ఎక్కడి నుంచి తీయాలి అన్నంతవరకే చూపిస్తుంది. క్యాన్సర్ అవునా కాదా అన్న మాట బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష, చెప్పాలి. ఎంత పెద్ద మెషీన్ అన్నది పక్కనపెట్టి, మీ గడ్డ ఎక్కడుంది, ఎంతుంది అన్నదాన్ని బట్టి పరీక్షని ఎంచుకోవాలి. పరీక్షల వరస తప్పితే ఎంత ఖరీదైన స్కాన్ తీసినా ఆ నష్టం పూడదు.

భయపడేవాళ్ళు ముందు ఒక లెక్క తెలుసుకోవాలి. చర్మం కింద, కండలో వచ్చే గడ్డల్లో మామూలువి క్యాన్సర్ గడ్డల కన్నా సుమారు 100 రెట్లు ఎక్కువ. సార్కోమా అనే మెత్తటి కణజాల క్యాన్సర్లు పెద్దవాళ్ళలో వచ్చే మొత్తం క్యాన్సర్లలో 1 శాతం దాకా ఉంటాయి, అంతే. అంత అరుదు కావడం వల్లే వాటిని పట్టించుకోకుండా వదిలేయడం కూడా జరుగుతోంది.

అనుమానించాల్సిన గడ్డ ఏది

నిమ్మకాయ కన్నా పెద్దదైతే, అంటే 5 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. నెలల వ్యవధిలో పెరుగుతున్నా, ఒకసారి తీయించాక అదే చోట మళ్ళీ వచ్చినా అనుమానించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది లోతు. కండల్ని చుట్టి ఫేషియా అనే గట్టి పొర ఉంటుంది. గడ్డ ఆ పొరకి పైన, చర్మం కింది కొవ్వులో ఉంటే మామూలుదయ్యే అవకాశం బాగా ఎక్కువ. పొరకి కింద కండలో ఉంటే చిన్నదైనా తేలిగ్గా తీసుకోకూడదు. ఇంట్లో దీన్ని కొంతవరకు గమనించవచ్చు: కండని బిగించినప్పుడు గడ్డ కదలకుండా నిలిచిపోతే లోతున ఉందని అనుమానించాలి. కానీ దీన్ని ఖాయం చేసేది స్కానే.

నొప్పి లేదు కదా అని ధైర్యపడేవాళ్ళని రోజూ చూస్తుంటాను. సార్కోమాల్లో ఎక్కువ భాగానికి మొదట్లో నొప్పే ఉండదు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఒత్తుకున్నట్టుందనో, ప్యాంటు బిగుతైందనో వస్తారు.

చిన్నగా, పైపైనే ఉంటే అల్ట్రాసౌండ్

చర్మం కిందే ఉన్న చిన్న గడ్డకి మొదటి పరీక్ష ఇదే. రేడియేషన్ లేదు, ఇంజెక్షన్ లేదు, పావుగంటలో అయిపోతుంది. గడ్డ ఫేషియాకి పైనుందా కిందుందా, లోపల నీరా ముద్దా, డాప్లర్ పెడితే రక్తం పారుతోందా అన్నవి వెంటనే తెలుస్తాయి. కొవ్వు గడ్డ, అంటే లైపోమా, చర్మానికి సమాంతరంగా సన్నటి తెల్ల గీతలతో, నొక్కితే అణుగుతూ, రక్తప్రసారం దాదాపు లేకుండా కనిపిస్తుంది. మణికట్టు మీది గ్యాంగ్లియన్ నల్లటి నీటి సంచిలా కనిపించి కీలు వైపు తోక చూపిస్తుంది. మోకాలి వెనకొచ్చే బేకర్స్ సిస్టుకి రెండు కండరాల స్నాయువుల మధ్య నుంచి కీలులోకి వెళ్ళే సన్నటి మెడ కనబడాలి. ఆ మెడ కనబడకపోతే దాన్ని బేకర్స్ సిస్టు అని రాయడానికి నేను ఒప్పుకోను. మోకాలి వెనక వచ్చిన సార్కోమాని సిస్టు అనుకుని వదిలేసే ప్రమాదం అక్కడే ఉంది.

మన దేశంలో అల్ట్రాసౌండ్ ఇంకో మేలు చేస్తుంది. కండలో సిస్టిసర్కోసిస్ అనే పురుగు గడ్డ ఉంటే, చిన్న నీటి సంచి లోపల పురుగు తల తెల్ల చుక్కలా కనబడుతుంది. ఆ ఒక్క బొమ్మతో ఆపరేషన్ భయం తీరిపోతుంది.

దీని బలహీనతలు కూడా చెప్పాలి. లోతున్న పెద్ద గడ్డ అడుగుభాగం దీనికి సరిగ్గా అందదు. చేసే మనిషి నైపుణ్యం మీద చాలా ఆధారపడుతుంది. కడుపు చూడటానికి వాడే ప్రోబుతో చర్మం కింది గడ్డని చూస్తే బొమ్మ తెలియదు, దానికి హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ కావాలి. కాబట్టి స్కాన్ రాయించుకునేటప్పుడే గడ్డ ఉన్న చోటు పేరు చీటీలో స్పష్టంగా ఉండేలా చూసుకోండి. అల్ట్రాసౌండ్ చేసిన డాక్టరు "ఇది ఖాయంగా లైపోమా" అనలేకపోతే, అక్కడితో ఆగకుండా ఎంఆర్ఐకి వెళ్ళాలి. ఆర్నెల్లు ఆగి చూద్దాం అనే మాట ఖాయంగా తేలిన గడ్డలకే చెల్లుతుంది.

ఎక్స్‌రేని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కొన్ని వందల రూపాయల పరీక్ష, కానీ సున్నం ఎక్కడ పేరుకుందో చూపిస్తుంది. గుండ్రటి చిన్న రాళ్ళలాంటివి కనబడితే రక్తనాళాల గడ్డ అయ్యుండొచ్చు. దెబ్బ తగిలిన కండలో అంచుల వెంబడి ఎముక కట్టుకుంటే అది మయోసైటిస్ ఆసిఫికాన్స్ అనే, క్యాన్సర్ కాని గడ్డ. సార్కోమాల్లో ఒక రకమైన సైనోవియల్ సార్కోమాల్లో సుమారు మూడో వంతులో కూడా సున్నం చుక్కలుంటాయి. గడ్డ అనుకున్నది నిజానికి ఎముక నుంచే పొడుచుకొచ్చిందని ఎక్స్‌రేలోనే బయటపడ్డ సందర్భాలూ ఉంటాయి. చేతికాళ్ళలో లోతైన గడ్డ ఉంటే ఎంఆర్ఐతో పాటు ఇదీ తీయించండి.

లోతున ఉంటే, పెద్దదైతే ఎంఆర్ఐ

చేతులు, కాళ్ళు, భుజం, పిరుదుల్లో లోతున్న గడ్డకి ఎంఆర్ఐని మించింది లేదు. కండ, కొవ్వు, నరం, రక్తనాళం విడివిడిగా కనిపించేది ఇందులోనే. సర్జన్ కత్తి ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది కూడా ఈ బొమ్మల్ని చూసే.

లైపోమా విషయంలో ఎంఆర్ఐ మాట దాదాపు చివరి మాట. ఎంఆర్ఐ బొమ్మలు తీసే ఒక్కో పద్ధతిని సీక్వెన్స్ అంటారు. చర్మం కింది కొవ్వు ఒక్కో సీక్వెన్స్‌లో ఎలా కనిపిస్తుందో గడ్డ కూడా అలాగే కనిపించాలి. కొవ్వుని అణిచేసే సీక్వెన్స్‌లో రెండూ కలిసి నల్లబడాలి. అలా జరిగి, లోపల వేరే ఏమీ లేకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. లోపలి గోడలు 2 మిల్లీమీటర్ల కన్నా మందంగా ఉన్నా, కొవ్వు కాని ముద్దలున్నా, గడ్డ 10 సెంటీమీటర్లు దాటినా కథ మారుతుంది, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళ తొడలో లోతున ఉన్నప్పుడు. అప్పుడు అటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ అనే తక్కువ స్థాయి కొవ్వు క్యాన్సర్‌ని అనుమానించి, తీసిన ముక్కలో ఎండీఎం2 జన్యువు పరీక్ష చేయిస్తారు. ఈ రెండింటినీ విడదీయడం అనుభవమున్న రేడియాలజిస్టులకి కూడా ఎప్పుడూ తేలిక కాదు.

నరం గడ్డలు కూడా ఎంఆర్ఐలో బాగా పట్టుబడతాయి. నరం ఒక కొన నుంచి లోపలికి వెళ్ళి రెండో కొన నుంచి బయటికి రావడం, నడుమ నల్లగా చుట్టూ తెల్లగా వలయంలా ఉండటం ష్వానోమా అనే మామూలు నరం గడ్డకి గుర్తులు. ఈ సంగతి ముందే తెలిస్తే సర్జన్ నరాన్ని కాపాడుతూ గడ్డని ఒలిచి తీస్తారు. తెలియక కోస్తే చేయో పాదమో పడిపోతుంది.

ఇప్పుడు ఎంఆర్ఐ కూడా మోసపోయే చోట్లు చెప్పాలి, ప్రాణాల మీదికి తెచ్చేవి ఇవే. మొదటిది నీటి సంచి అనిపించే గడ్డ. లోపల జిగురులాంటి పదార్థం ఉండే మిక్సాయిడ్ రకం సార్కోమాలు మామూలు ఎంఆర్ఐలో అచ్చం నీటిలాగే తెల్లగా మెరుస్తాయి. గాడోలినియం కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తే తేడా తెలుస్తుంది: నిజమైన సిస్టుకి అంచు మాత్రమే మెరుస్తుంది, సార్కోమాకి లోపలి భాగం కూడా మెరుస్తుంది. డబ్బు మిగులుతుందని కాంట్రాస్ట్ వద్దనకండి. అనుమానమున్న గడ్డకి కాంట్రాస్ట్ లేని ఎంఆర్ఐ సగం పరీక్ష కిందే లెక్క. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష రిపోర్టు చూపించాలి.

రెండోది గడ్డకట్టిన రక్తం. "బండి మీంచి పడ్డానండి, అప్పట్నుంచి ఉంది" అంటారు. నిజమే కావచ్చు. కానీ దెబ్బ తగిలినప్పుడు చేయి పెట్టి చూసుకోవడం వల్ల అప్పటికే ఉన్న గడ్డ బయటపడటం చాలా తరచుగా జరిగేదే. పైగా సార్కోమా లోపల కూడా రక్తం కారుతుంది. మామూలు దెబ్బ రక్తమైతే వారాలు గడిచేకొద్దీ తగ్గాలి. నెలన్నర, రెండు నెలలైనా తగ్గకపోతే, లేదా పెరిగితే, కాంట్రాస్ట్‌తో మళ్ళీ స్కాన్ చేయించి తీరాలి.

మూడోది నున్నటి అంచు. రిపోర్టులో "వెల్ డిఫైన్డ్" అని చదివి ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. సార్కోమా చుట్టుపక్కల కణజాలాన్ని నెట్టుకుంటూ పెరుగుతుంది, ఆ నెట్టుడికి దాని చుట్టూ తొడుగులాంటిది ఏర్పడుతుంది. అందుకే దాని అంచు కూడా నున్నగానే కనబడుతుంది. మరోపక్క చీము గడ్డ, మయోసైటిస్ (కండ వాపు) లాంటి మామూలు జబ్బులు చుట్టూ వాపుతో భయంకరంగా కనిపిస్తాయి. అంచు ఒక్కదాన్ని పట్టుకుని ఎటువైపూ తీర్పు చెప్పకూడదు.

మెషీన్ గురించి కూడా ఒక మాట. దాని అయస్కాంత శక్తి 1.5 టెస్లానా 3 టెస్లానా అని బేరాలాడే బదులు, గడ్డ మీద గుర్తుగా క్యాప్సూల్ అతికించి తీస్తారా, గడ్డ మొత్తం చిత్రంలోకి వస్తుందా, కొవ్వుని అణిచే సీక్వెన్స్, కాంట్రాస్ట్ ఉన్నాయా అని అడగండి. 1.5 టెస్లా ఈ పనికి పూర్తిగా సరిపోతుంది. తక్కువ శక్తి ఉన్న ఓపెన్ ఎంఆర్ఐ మాత్రం, ఇరుకు గొట్టమంటే భయపడేవాళ్ళకి తప్ప, ఈ పనికి నేను సూచించను. పేస్‌మేకర్, పాత క్లిప్పులు, లోహపు ముక్కలు ఒంట్లో ఉంటే టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి.

సీటీ ఎప్పుడు, పెట్ ఎప్పుడు

సీటీకి ఇక్కడ మూడు పనులున్నాయి. పొట్ట వెనక భాగంలో పెరిగే గడ్డలకి మొదటి పరీక్ష సీటీయే. ఎంఆర్ఐ చేయకూడనివాళ్ళకి అదే దిక్కు. బయాప్సీలో సార్కోమా అని తేలాక ఛాతీ సీటీ తప్పనిసరి, ఎందుకంటే ఈ క్యాన్సర్లు రక్తం ద్వారా ముందు ఊపిరితిత్తులకే పాకుతాయి. చేతి మీది గడ్డ మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడానికి మాత్రం సీటీ తీయించుకోకండి.

పెట్ సీటీ గురించి గట్టిగానే చెబుతాను. ఇంకా ఏ గడ్డో తెలియనప్పుడు దీనికి పరుగెత్తడం డబ్బు పారేసుకోవడమే. ఒంట్లోకి ఎక్కించిన చక్కెర లాంటి మందుని ఎక్కువగా పీల్చుకునే చోటు ఇందులో మెరుస్తుంది. క్యాన్సరే కాదు, టీబీ గడ్డా మెరుస్తుంది, చీమూ మెరుస్తుంది, హైబర్నోమా అనే మామూలు కొవ్వు గడ్డ కూడా బాగా మెరుస్తుంది. అదే తక్కువ స్థాయి సార్కోమా అయితే మెరవకుండా తప్పించుకోవచ్చు. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో తొడలోనో వెన్ను పక్కనో టీబీ చీముతో ఉన్న కోల్డ్ ఆబ్సెస్‌ని పెట్‌లో చూసి క్యాన్సర్ పాకిపోయిందని ఇల్లంతా ఏడ్చిన కుటుంబాలున్నాయి. తర్వాత అది టీబీ మందులతో తగ్గే జబ్బని తేలుతుంది.

పెట్ నిజంగా పనికొచ్చే చోట్లు వేరు. సార్కోమా అని ఖాయమయ్యాక ఎక్కడికైనా పాకిందేమో చూడటానికి, వైద్యం పనిచేస్తోందా అని చూడటానికి డాక్టర్లు రాస్తారు. న్యూరోఫైబ్రొమటోసిస్ ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా నరం గడ్డలుంటాయి. వాటిలో ఒకటి ఉన్నట్టుండి పెరిగి నొప్పి పెడితే, ఏ గడ్డ చెడ్డదిగా మారిందో వెతకడంలో పెట్ నిజమైన సాయం చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు రక్తంలో చక్కెర అదుపులో పెట్టుకుని వెళ్ళకపోతే ఆ బొమ్మలూ సరిగ్గా రావు.

సూది ఎప్పుడు, ఎవరి చేత

ఎంఆర్ఐ ముందు, సూది తర్వాత. ఈ వరస ఎప్పుడూ తిరగబడకూడదు. సూది గుచ్చాక లోపల రక్తం చేరి, వాపు వచ్చి, ఆ తర్వాత తీసిన బొమ్మల్లో గడ్డ ఎంతవరకు ఉందో తెలియదు. ఇంకో కారణం ఇంకా పెద్దది. సార్కోమాలో సూది వెళ్ళిన దారిని కూడా తర్వాత ఆపరేషన్‌లో గడ్డతో పాటు తీసేయాల్సి రావొచ్చు. అడ్డదిడ్డంగా గుచ్చితే కోత పెద్దదవుతుంది. అందుకే ఆ ఆపరేషన్ చేయబోయే సర్జనే సూది దారి నిర్ణయించాలి. సన్న సూదితో విడి కణాలు లాగే ఎఫ్ఎన్ఏసీ చవక, లింఫ్ గడ్డలకి, టీబీకి బాగా పనికొస్తుంది. సార్కోమా అనుమానం ఉంటే లావు సూదితో చిన్న ముక్క తీసే ట్రూకట్ బయాప్సీ కావాలి, ఎందుకంటే ఏ రకమో చెప్పడానికి ముక్క కావాలి, విడి కణాలు చాలవు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది చిన్న నర్సింగ్ హోముల్లో జరిగే పని. స్కాన్ లేకుండా, మత్తు సూది వేసి, "కొవ్వు గడ్డే, అరగంట పని" అని కోసేస్తారు. కొన్నిచోట్ల తీసిన గడ్డని పరీక్షకి కూడా పంపరు. ఆరు నెలలకి అది మళ్ళీ వచ్చి, అప్పుడు సార్కోమా అని తేలితే, మొదట ఒక్క ఆపరేషన్‌తో పోయేదానికి రెండో ఆపరేషన్, రేడియేషన్, కొన్నిసార్లు కాలే పోగొట్టుకోవాల్సి వస్తుంది. దయచేసి 5 సెంటీమీటర్లు దాటిన గడ్డనిగానీ, లోతున్న గడ్డనిగానీ స్కాన్ లేకుండా ఎవరికీ కోయనివ్వకండి. ఎంత చిన్న గడ్డ తీయించుకున్నా దాన్ని పెథాలజీ ల్యాబ్‌కి పంపమని మీరే అడగండి.

చెన్నైలో ఎలా ముందుకెళ్ళాలి

పైపైనున్న చిన్న గడ్డకి అంత దూరం రావక్కర్లేదు. నెల్లూరు, తిరుపతిలోనే మంచి అల్ట్రాసౌండ్ దొరుకుతుంది. ఎంఆర్ఐ కూడా అక్కడే తీయించుకోవచ్చు, కానీ ఫిల్మ్‌తో ఊరుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. ఫిల్మ్ మీద అచ్చేసేవి కొన్ని బొమ్మలే, సీడీలో అన్నీ ఉంటాయి. సీడీ ఉంటే ఇక్కడి డాక్టర్లు మళ్ళీ స్కాన్ రాయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

రిపోర్టులో "ఇండిటర్మినేట్" అని ఉంటే, డాక్టరుకి తెలియలేదని కోపం తెచ్చుకోకండి. స్కాన్ చెప్పగలిగింది చెప్పింది, ఇక బయాప్సీ కావాలి అన్నది దాని భావం. నా దృష్టిలో అది నిజాయితీగా రాసిన రిపోర్టు. అప్పుడు చేయకూడని పని ఇంకో సెంటర్లో ఇంకో స్కాన్ తీయించడం. చేయాల్సింది ఎముక, మెత్తటి కణజాల గడ్డల మీద పనిచేసే సర్జన్లు, రేడియాలజిస్టులు, పెథాలజిస్టులు కలిసి కేసు చూసే (దాన్నే ట్యూమర్ బోర్డు అంటారు) ఆసుపత్రికి వెళ్ళడం. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పేరు మన వైపు వాళ్ళందరికీ తెలిసిందే. సెంట్రల్ స్టేషన్‌కి ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా ఎముక, కండ క్యాన్సర్లు చూసే ఆర్థో ఆంకాలజీ విభాగాలున్నాయి. ఎక్కడికెళ్ళినా ముందు "ఇక్కడ ట్యూమర్ బోర్డు ఉందా, బయాప్సీ చేసేవాళ్ళే ఆపరేషన్ చేస్తారా?" అని అడగండి. భాష గురించి భయం వద్దు, చెన్నై ఆసుపత్రుల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఖర్చు సంగతికొస్తే, ఎక్స్‌రే వందల్లో, అల్ట్రాసౌండ్ వెయ్యి అటూ ఇటూ, ఎంఆర్ఐ కొన్ని వేలు, పెట్ సీటీ దానికి రెండు మూడు రెట్లు. చేతిలో డబ్బు తక్కువుంటే కాంట్రాస్ట్ ఎంఆర్ఐ ఒక్కటి, ట్రూకట్ బయాప్సీ ఒక్కటి సరిగ్గా చేయించుకోవడం మేలు. మూడు నాలుగు స్కాన్ల మీద ఆ డబ్బు చెల్లాచెదురు చేయకండి.

పిల్లల విషయంలో ఎప్పుడూ అల్ట్రాసౌండే ముందు. ఎంఆర్ఐకి చిన్నపిల్లలకి మత్తివ్వాల్సి వస్తుంది కాబట్టి, పిల్లల మత్తు డాక్టరు ఉన్నచోటే చేయించండి.

మామూలు గడ్డ అని తేలి, తీయించుకోకుండా వదిలేస్తున్నారా? అయితే ఆ రిపోర్టులో మూడు వైపులా కొలతలు రాసి ఉన్నాయో లేదో చూసుకుని భద్రంగా దాచండి. డాక్టరు చెప్పిన గడువుకి, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకి, వీలైతే అదే సెంటర్లో మళ్ళీ అల్ట్రాసౌండ్ చేయించి, పాత రిపోర్టు వాళ్ళ చేతికిచ్చి పోల్చమనండి. కొలత పెరిగితే ఆ వారంలోనే డాక్టర్ని కలవండి.